తొమ్మిది పూతల గోడ

దస్తగిరి మున్సిపల్ ఆఫీసు నుంచి నేరుగా దర్గాకు వచ్చాడు. చేతిలో కాగితాలు నలిగి ఉన్నాయి.

ఏటి ఒడ్డున దర్గా గోడ పొడవు నూటపన్నెండు గజాలు. దాని వెనక పల్లంలో నూటఅరవైమూడు ఇళ్లు. ఇసుక లారీల దారి కోసం సోమవారం ఆ గోడను పన్నెండడుగుల మేర పగలగొడతారట.

"వరదను ఆపే కట్టడాలకు ఆ ఆఫీసులో ఒక రిజిస్టర్ ఉంది స్వామీ. అందులోకి ఎక్కిన గోడను ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు దస్తగిరి, తన గురువు హుసేనప్పతో. "మన గోడ అందులో లేదు. లేదు కాబట్టి అది ఉత్త ప్రహరీ అంట. ఏరు, ఇళ్లు, ఎత్తులు అన్నీ కొలిచి పద్నాలుగు పేజీలు ఇచ్చాను. తిప్పి చూడనైనా లేదు ఆ ఇంజనీరు. 'లెక్కల మాస్టారూ, పెద్ద వరదలో నీళ్లు ఈ గోడను తాకినట్టు గుర్తేమైనా ఉందా? చూపించు, రాస్తా' అన్నాడు. నలభై ఏళ్ల కిందటి నీళ్లకు గుర్తు నేనెక్కడ తెచ్చేది? ఈ నలభై ఏళ్లలో ఒక్కడన్నా టేపు పట్టుకుని ఇటు వచ్చాడా? వాళ్లు రాసుకోకపోతే గోడ గోడే కాదా?"

హుసేనప్ప చాప మీద నుంచి లేచాడు.

"బకెట్టు నీళ్లు, కొబ్బరి పీచు తే అబ్బీ."

"నేను సోమవారం సంగతి చెప్తుంటే మీరు..."

"నేనూ అదే చెప్తున్నా. తే."

ముసలాయన గోడకు ఏటివైపు వెళ్లి, ఒకచోట నీళ్లు చల్లి రుద్దడం మొదలుపెట్టాడు.

దస్తగిరికి ప్రాణం ఉసూరుమంది. "ఉరుసుకని మొన్ననే సున్నం వేశాను స్వామీ. ఏటా ఒక పూత, తొమ్మిదేళ్లకు తొమ్మిది. ఇక్కడైతే పదకొండు. మొదటి ఏడాది ఏదో ఎర్ర మరక ఎంతకీ పోకపోతే రెండు ఎక్కువ వేశాను."

హుసేనప్ప చెయ్యి ఆగలేదు. తెల్లటి నీళ్లు ఆయన పాదాల మీదుగా కారాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద ఎర్రగా ఏదో కనిపించింది. ఇంకాస్త రుద్దితే రాతిలో ఉలితో చెక్కిన అడ్డగీత. గీత కింద ఆ పెద్ద వరద వచ్చిన సంవత్సరం.

దస్తగిరి దగ్గరికెళ్లి నిలబడ్డాడు. గీత అతని ఛాతీ ఎత్తున ఉంది.

"వరద తగ్గిన మర్నాడు, నీళ్లు తాకిన ఎత్తున చెక్కి జేగురు పూశాను," అన్నాడు హుసేనప్ప. "చెక్కింది నేను. మూసింది నువ్వు. గోడ తెల్లగా ఉందని తొమ్మిదేళ్లు మెచ్చుకున్నది మళ్లీ నేనే."

దస్తగిరి కాగితాలను జేబులో కుక్కుకున్నాడు. "ఆ ఇంజనీరును పిలుచుకు రానా?"

"పిలువు. నలభై ఏళ్లు ఎందుకు రాలేదో అడుగుదాం. గట్టిగానే అడుగుదాం."

తడి పీచు శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ముందు మన సున్నం గీకుదాం."