మూడు వానాకాలాలు దాచిన గోడ

ప్రొఫెసర్ సెన్యో దోగ్బె పాఠానికి ఒక పద్ధతి ఉండేది. శనివారం ఉదయం తొమ్మిదింటికి ఆయన నల్లబల్ల మీద సుద్దతో ఒక కార్టూన్ గీసేవారు. గీస్తున్నంతసేపూ అయిదుగురు విద్యార్థులు మాట్లాడకుండా చూసేవారు. తర్వాత ఒకరు లేచి దాన్ని పూర్తిగా తుడిచేసి, అదే బొమ్మను తన చేత్తో మళ్లీ గీయాలి. ఆ తర్వాత రెండోవారు దాన్ని తుడిచి గీయాలి. మధ్యాహ్నానికి గురువుగారి బొమ్మ అయిదుసార్లు చెరిగి అయిదుసార్లు పుట్టేది. చివరికి బల్ల మీద మిగిలేది ఆయన గీత కాదు, అందరికంటే ఆఖరున గీసిన విద్యార్థి గీత.

ఇది ఘానా దేశపు సముద్రతీరంలో, ఆయన ఇంటి వెనక వరండాలో జరిగే పాఠం. ఆయన తండ్రి చేపల పడవల పక్కల మీద రంగులు వేసేవాడు. ఆ రంగు డబ్బాల దగ్గర మొదలైన కొడుకు చిత్రకారుడయ్యారు. ఒక వారపత్రికలో పందొమ్మిదేళ్లు కార్టూన్లు వేశారు. అదే కాలంలో దేశపు ఉత్తరాదిన మట్టి ఇళ్ల మీద ఆడవాళ్లు వేసే చిత్రాలను పరిశోధించి, రెండు పుస్తకాలు రాసి, విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. నిరుడు మొదలైన వణుకు కుడిచేతిని వదలడం లేదు. ఒకప్పుడు నాలుగు నిమిషాల్లో పూర్తిచేసే బొమ్మకు ఇప్పుడు నలభై నిమిషాలు పడుతోంది.

ఆ శనివారం ఆయన గీసింది పాత కార్టూనే. ఒక సైన్యాధికారి మంగలి కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. వెనక మంగలి కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీయమని అడగడానికి అతనికి ధైర్యం చాలడం లేదు. నలభై రెండేళ్ల కిందట సైనిక ప్రభుత్వం ఆయన్ని పదకొండు రోజులు జైల్లో పెట్టింది ఈ బొమ్మకే. దాని అసలు కాగితం ఎక్కడా లేదు.

మొదటి వంతు అరబా అనే అమ్మాయిది. ఆమె లేచింది కాని బల్ల తుడవలేదు. బల్లకు అడ్డంగా నిలబడింది. గీయడం రాక తప్పించుకుంటోందని వెనక నుంచి ఒకడు ఆట పట్టించాడు. ఆమె నవ్వలేదు. తాను ఏడాదిన్నరగా చేస్తున్న లెక్క చెప్పింది. పందొమ్మిదేళ్లంటే తొమ్మిది వందల ఎనభై ఎనిమిది శనివారాలు. పత్రిక మూతపడినవీ, గురువుగారు జైల్లో ఉన్నవీ ముప్పై ఆరు తీసేస్తే తొమ్మిది వందల యాభై రెండు కార్టూన్లు. ఆమె గ్రంథాలయాలన్నీ తిరిగి, పాత పత్రికల కట్టలు విప్పి సంపాదించినవి రెండు వందల పన్నెండు. మిగతావి వేరుశనక్కాయల పొట్లాలైపోయాయి.

"పోయినవి ఏడు వందల నలభై, ప్రొఫెసర్ గారూ. మీ చేయి ఇంకెన్నాళ్లు గీస్తుందో మీకే తెలియదు. ఈ ఒక్క బొమ్మనైనా చెరపకుండా ఉంచుకుంటే తప్పేమిటి?" అని అడిగింది.

వరండాలో అందరూ తలలు దించుకున్నారు. చేతి సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. ఆమె లెక్క సరిగ్గా ఉందని మెచ్చుకున్నారు. తర్వాత కుర్చీ వాకిలి వైపు జరుపుకుని, ముప్పై మూడేళ్ల వయసులో తాను ఉత్తరాదికి వెళ్లిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

అక్కడ అయింపోక అనే పెద్దావిడ ఇల్లు ఉండేది. వాకిట్లోకి తిరిగి ఉన్న గోడ పన్నెండు అడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు. ఎర్రమట్టి, నల్లరాతి పొడి, తెల్లసుద్ద, ఈ మూడే రంగులు. ఆ మూడింటితోనే ఆవిడ సగానికి కోసిన సొరబుర్రల్నీ, కొండచిలువనీ, పశువుల పలుపుతాళ్లనీ గోడంతా అల్లింది. ఆయన వెళ్లేసరికి గోడ పూర్తయి ఆరు రోజులైంది. ఎదురుగా కూర్చుని లెక్కపెడితే నలభై ఒక్క రకాల ఆకారాలు తేలాయి. నాలుగు నెలలు అక్కడే ఉండి ఒక్కోదాని పేరూ అడిగి రాసుకున్నారు. ఆవిడ మాట ఆయనకు రాదు. ఆరేళ్లు బడికి వెళ్లిన కూతురు లమిసీ మధ్యలో కూర్చుని రెండు వైపులా చెప్పేది. ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లు.

ఆ ఊళ్లో ఏటా పంట ఇంటికి చేరాక ఆడవాళ్లు గోడకు నీళ్లు కొట్టి, పాత చిత్రాన్ని గీకేసి, కొత్త మట్టితో అలుకుతారు. అది ఆరకముందే కొత్త చిత్రం వేస్తారు. తర్వాత గులకరాయితో రుద్ది నునుపు చేస్తారు. పనిలో చేరిన ఆడపిల్ల మొదటి అయిదేళ్లు మట్టి తొక్కాలి. తర్వాత అయిదేళ్లు నల్లరంగు నింపాలి. పదకొండో ఏట తల్లి పక్కన నిలబడి తడిగోడ మీద గీత గీయాలి. ప్రతి ఇంటికీ తన గీత ఉంటుంది. తల్లి చేతి నుంచి కూతురి చేతికి అది వెళ్లే దారి ఇదొక్కటే. లమిసీ ఆ పదేళ్ల పనీ పూర్తిచేసింది. కలిసిన మొదటి రోజు తన పేరు చెప్పడానికన్నా ముందే ఆ అమ్మాయి ఆయనతో, వచ్చే ఏడు గీత నాదే అని చెప్పింది.

ఆయన దగ్గర ఉన్నది నలుపు తెలుపు ఫిల్ము. వచ్చే ఏడు రంగుల ఫిల్ము తెస్తాననీ, అప్పటిదాకా గోడను చెరపవద్దనీ అయింపోకను అడిగారు. లమిసీ ఆ మాట వెంటనే తల్లికి చెప్పలేదు.

"ఒక్క ఏడాదేనా, అన్నా?" అని అడిగింది.

"ఒక్క ఏడాదే."

అప్పుడు తల్లికి చెప్పింది. అయింపోక పెద్దగా నవ్వింది. దాచడమేమిటి, మీ ఇంట్లో నిన్నటి సంకటి దాచుకుంటారా, సముద్రపు అబ్బాయీ, అంది. ఇది సంకటి కాదనీ, ఇలాంటి గోడ ఇంకెక్కడా లేదనీ, ప్రపంచమంతా చూడాల్సిందనీ ఆయన చాలాసేపు చెప్పారు. ప్రపంచం సంగతి ఆవిడకు పట్టలేదు. కాని అంత దూరం నుంచి వచ్చినవాడు నోరు తెరిచి అడిగాడు. సరే, ఉంచుదాం అంది.

మరుసటి ఏడు ఆయన మంగలి కార్టూన్ వేశారు. పదకొండు రోజుల తర్వాత వదిలిపెట్టినా, ప్రతి సోమవారం పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలన్నారు. పట్నం దాటకూడదన్నారు. అలా నలభై మూడు సోమవారాలు గడిచాయి. బజారులో ఎవరెవరో వచ్చి చేయి కలిపేవారు. చేపలమ్మే ఆడవాళ్లు ఆయన్ని చూసి నెత్తిన టోపీ సర్దుకుంటున్నట్టు అభినయించి నవ్వేవారు. ఆ గౌరవం తనకు బాగా నచ్చిందని ఆయన దాచకుండా చెప్పారు. ఆ నలభై మూడు వారాల్లో గోడ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదనీ చెప్పారు. ఉత్తరం ముక్క రాసినా సరిపోయేది. ఆ మరుసటి ఏడు కట్టడి లేదు, కాని పరిశోధన రాస్తూ కూర్చున్నారు. నాలుగో అధ్యాయమంతా అయింపోక గోడ గురించే. గోడ క్షేమంగా ఉందిగా, తొందరేముంది అనుకున్నారు.

గోడ నిజంగానే క్షేమంగా ఉంది. వానలు మొదలయ్యే ముందు తల్లీకూతుళ్లు జొన్నదంట్లతో తడికలు అల్లి దానికి అడ్డంగా కట్టారు. గాలివాన వచ్చినప్పుడు తడిక ఎగిరిపోకుండా అయింపోక వీపు ఆనించి నిలబడేది. పంటలయ్యాక ఊళ్లో ప్రతి గోడా కొత్తదయ్యేది, ఆ ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటి ఆడవాళ్లు చేతులు అరువిచ్చారేమోనని బావి దగ్గర నవ్వుకునేవారు. అతను రాడు, చెరిపేద్దాం అని లమిసీ రెండుసార్లు తల్లితో గొడవపడింది. రెండుసార్లూ తల్లి ఒకటే చెప్పింది, మాట ఇచ్చాం కదా అని. మూడో వానాకాలం చివర అయింపోకకు దగ్గు పట్టుకుంది. తొమ్మిది రోజులు మంచంలో ఉండి చనిపోయింది.

ఏడు వారాల తర్వాత ఆయన రంగుల ఫిల్ముతో వెళ్లారు. సాయంత్రం నాలుగైంది. ఎండ సరిగ్గా గోడ మీద ఏటవాలుగా పడుతోంది. లమిసీ తడికలు విప్పింది. రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఎండ పోతుందేమోనని ఆయన కెమెరా తీసి ముప్పై ఆరు ఫోటోలూ వరసగా తీశారు. ఆ తర్వాత అడిగారు, అమ్మ ఏది అని.

 

మర్నాడు ఉదయం లమిసీ గోడకు నీళ్లు కొట్టింది. నువ్వు వచ్చి చూసుకున్నాక చెరిపేయమని అమ్మ చెప్పింది, అని చెప్పి గీకడం మొదలుపెట్టింది. పన్నెండు అడుగుల గోడ మధ్యాహ్నానికి ఉత్త మట్టిగోడైంది. పక్కింటి ఆడవాళ్లు వచ్చి సాయం చేస్తామన్నారు. మా గీత నేర్చుకో, పిల్లా, అదీ మంచిదే అన్నారు. లమిసీ వద్దంది. మా ఇంటి గీత తెలిసిన మనిషి ఉన్నాడని ఆయన్ని చూపించింది. ఆయన నలభై ఒక్క పేర్లూ తెలిసినవాడు, చిత్రకారుడు, పుస్తకం రాస్తున్నవాడు. ఆమె నమ్మకంలో ఎకసెక్కం లేదు.

ఇద్దరూ మట్టి కలిపారు. మొదటిరోజు వేసిన గీత గంటలోపే కిందికి జారిపోయింది. రెండోరోజు నీళ్లు తగ్గించారు. గీత నిలబడింది గాని, ఆరేసరికి బీటలు తీసి పెచ్చులుగా రాలింది. పుస్తకం రాసినవాడికి ఒక గోడ రాదా అని ఒక ముసలావిడ అడిగితే అందరూ నవ్వారు, లమిసీ కూడా నవ్వింది. మూడోరోజు ఎవరూ చూడటానికి రాలేదు. ఆయన నోటుపుస్తకం తెరిచి, కొండచిలువ ఎన్ని వంపులు తిరగాలో, సొరబుర్ర ఎంత వెడల్పుండాలో అంగుళాలతో సహా చెప్పారు. లమిసీ అలాగే గీసింది. కొలతలన్నీ సరిపోయాయి. సాయంత్రానికి అదీ రాలింది. మోచేతుల దాకా మట్టితో ఆ అమ్మాయి గోడ పక్కనే కూలబడింది. కొన్నాళ్ల తర్వాత ఆ గోడ మీదికి పక్కింటి గీతే వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది.

ఇంతవరకూ విని అరబా ఒక అభ్యంతరం చెప్పింది. ఆ మూడేళ్లలో తల్లి నేల మీదైనా గీసి నేర్పవచ్చు కదా అంది. నేల మీద మట్టి కిందికి జారదమ్మా అన్నారు గురువుగారు. గోడ మీద జారుతుంది. అది జారకముందే చేయి ఎప్పుడు వెళ్లాలన్నదే ఆవిడకు తెలిసిన విద్య. ఆ నాలుగు నెలల్లో తాను ఆవిడను ఆ ఒక్కటీ అడగలేదన్నారు. ఎండిన గోడ ముందు కూర్చున్నవాడికి ఆ ప్రశ్న తోచదన్నారు.

అరబా ఇంకా బల్లకు అడ్డంగానే ఉంది. ఆమె గొంతు ఈసారి చాలా మెల్లగా వచ్చింది. ఆ మూడోరోజు సాయంత్రం లమిసీ మిమ్మల్ని ఏమీ అనలేదా అని అడిగింది.

"ఏమీ అనలేదు. ఒకటే అడిగింది. 'అన్నా, నీ ఫోటోలు చూసి చెప్పగలవా, అమ్మ మట్టిలో నీళ్లు ఎన్ని పోసేదో' అని."

"మీరేం చెప్పారు?"

ప్రొఫెసర్ దోగ్బె బల్ల తుడిచే గుడ్డ తీసి అరబాకు అందించారు.

"ఫోటోలు బాగా వస్తాయి, పంపిస్తానని చెప్పాను" అన్నారు.