నిమ్మకాయంత ఎత్తు

2019 అక్టోబరు ఏడో తారీఖు, సోమవారం, మహానవమి. సాయంత్రం నాలుగుంబావు. ఆ వేళకి చిన్నారావు నీలం బండి కిందనుంచి లేచి, చేతులు తుడుచుకుని, "అయిపోయింది గురువుగారూ" అన్నాడు.

గురువుగారంటే మా మామయ్యగారు, గవరయ్య మేస్త్రి. విశాఖపట్నంలో మా ఇంటి ముందు భాగమే ఆయన షెడ్డు. రేసు కార్లలాంటి ఖరీదైన బండ్లకి ఎత్తు కుదర్చడం ఆయన పని. స్ప్రింగు కింద ఉండే రింగుని వంకీ పానాతో ఒకవైపు తిప్పితే బండి లేస్తుంది, ఇంకోవైపు తిప్పితే దిగుతుంది. చూడ్డానికి అంతే. అది నేర్చుకోడానికే చిన్నారావు ఏళ్ళ తరబడి ఆయన వెనకాల తిరిగాడు.

ఆ నీలం బండి కంటి డాక్టరు విశాలాక్షిగారిది. భీమిలి రోడ్డు మలుపుల్లో ఇంకాస్త నిలకడగా పోవాలి, కొంచెం దించండి అన్నారావిడ. దసరానాడు పొద్దున్నే వచ్చి తీసుకెళతానన్నారు. మామయ్యగారు పని మొత్తం చిన్నారావుకే వదిలేశారు. బాగా కుదిరితే పండగనాడు తన పానా వాడి చేతిలో పెడతానని అత్తయ్యగారితో అన్నారు. అత్తయ్యగారి దగ్గర మాట దాగదు కాబట్టి అది చిన్నారావుకీ తెలుసు. మా ఇంట్లో పానా చేతిలో పెట్టడమంటే, ఇక నువ్వూ మేస్త్రివే అని చెప్పడం. మామయ్యగారికి వాళ్ళ గురువుగారు అలాగే ఇచ్చారట.

అందుకని చిన్నారావు కొంచెంతో ఆగలేదు. రింగు ఎంత దిగితే అంతా దించేశాడు. బండి పొంచి ఉన్న పిల్లిలా నేలకి అతుక్కుని కూచుంది. నిజం చెప్పాలంటే నాక్కూడా ముద్దొచ్చింది. నాలుగు మూలలా టేపు పెట్టి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదని చూపించాడు. ఈ ఊళ్ళో ఇంత కిందికి దించినవాడు లేడని, ఫొటో తీసి తోటి మెకానిక్కులందరికీ పంపానని చెప్పుకొచ్చాడు. చెప్పి చెప్పి, చివరికి అడిగాడు.

"సరిపోయిందా గురువుగారూ?"

మామయ్యగారు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. పనిముట్లు పూజలో పెట్టమని నాతో అన్నారు. పానాలు, జాకీలు, సుత్తులు అన్నీ శుభ్రంగా తుడిచి, అమ్మవారి పటం ముందు ఎర్రగుడ్డ మీద పేర్చి బొట్లు పెట్టాను. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఇక వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

తరవాత బండికి పూజ. ఏటా నిమ్మకాయలు ముందు చక్రాలకి ఆనించి పెడతాను, మామయ్యగారు ఎక్కి తొక్కిస్తారు. నేను కాయలు తీసుకుని వంగబోతుంటే ఆయన ఆపారు.

"అక్కడ కాదమ్మా. చక్రాలకి ఎదురుగానే, ఒక బారెడు ముందుకి పెట్టు. దారిలో ఎదురొచ్చినట్టుండాలి."

పెట్టాను. ఆయన ఎక్కలేదు. తాళం చిన్నారావుకిచ్చి, నువ్వు తొక్కించరా అన్నారు. వాడి మొహం వెలిగిపోయింది. అమ్మవారికి దండం పెట్టుకుని, ఒళ్ళంతా మడతపెట్టి లోపల కూచున్నాడు.

బండి మెల్లగా కదిలింది. దాని ముక్కు వెళ్ళి నిమ్మకాయలకి తగిలింది. కాయలు లోపలికి పోలేదు, దొర్లాయి. ముందు నిమ్మకాయలు, వెనక బండి. అలా వాకిలంతా దాటి గేటుదాకా ఊరేగాయి.

అత్తయ్యగారు అరుగుమీద కూచునే అన్నారు. "బాగుందిరా చిన్నారావూ. రేపట్నించి నాకు చీపురు కొనే పని లేదు."

నవ్వాపుకోలేక నా చేతిలో హారతి పళ్ళెం ఊగిపోయింది. మామయ్యగారు మాత్రం ఆ నిమ్మకాయల్నే చూస్తూ నిలబడ్డారు.

చిన్నారావు దిగి వంగి చూశాడు. రెండు కాయలూ చెక్కుచెదరలేదు. పానా కోసం లోపలికి పరిగెత్తాడు. గుమ్మంలో ఆగిపోయాడు. పానా ఎర్రగుడ్డ మీద, కుంకంబొట్టుతో, అమ్మవారి దగ్గరుంది. డాక్టరుగారు చూస్తే పొద్దున్నే వచ్చేస్తారు. వాడు వెనక్కి తిరిగి గురువుగారికేసి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

"వాటికివాళ సెలవురా," అన్నారు మామయ్యగారు. "నీకూ సెలవే. వచ్చి బూరెలు తిను."

తిన్నాడు. తింటున్నంతసేపూ వాడి కళ్ళు బండి ముక్కు మీదే ఉన్నాయి.

దసరా పొద్దున తెల్లారకుండానే తలస్నానం చేసి ఉద్వాసన చెప్పాను. మామయ్యగారు వంకీ పానా తీసి చిన్నారావు చేతికిచ్చారు. వాడు జాకీ పెట్టి, ఒక్కొక్క రింగే తిప్పుకుంటూ బండిని పైకి తెచ్చాడు. కిందికి దింపాక టేపు జోలికి పోలేదు.

"వదినా, ఒక నిమ్మకాయ ఇస్తారా?"

ఇచ్చాను. నేలమీద బోర్లా పడుకుని దాన్ని ముక్కు కిందకి తోశాడు. కాయ దూరింది. కాయ మీద వాడి రెండు వేళ్ళు కూడా దూరాయి. అప్పటికీ బండి, డాక్టరుగారు తెచ్చినప్పటికన్నా కిందికే ఉంది. వాడు పడుకున్నవాడు పడుకున్నట్టే నవ్వుకున్నాడు.

లేచి, పానా కండువాతో తుడిచి, గురువుగారికి తిరిగివ్వబోయాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నాకెందుకురా? పద, బండి తోద్దాం."

సర్దిన బండిని మొదట చేత్తో తోస్తే స్ప్రింగులు కుదురుకుంటాయి, అది మా షెడ్డు ఆచారం. నేను బారెడు ముందుకి కొత్త నిమ్మకాయలు పెట్టాను. అత్తయ్యగారు పట్టుచీర చెంగు దోపుకుని వచ్చారు. చిన్నారావు పానా నడుముకి దోపుకున్నాడు. మామయ్యగారు మా అందరి తరవాత బండి మీద చెయ్యేశారు. తోశాం. ముక్కు నిమ్మకాయల మీదుగా మెత్తగా దాటిపోయింది. టప్ మని ఒకటి, వెంటనే రెండోది. వాకిలంతా నిమ్మకాయ వాసన.