పొంగని చెయ్యి

సిస్టర్ ఇన్నాసమ్మ దగ్గర చేరిన ఆరో నెలకి అమలోద్భవికి చేతులు చూడడం వచ్చేసింది.

కొండ కింద క్షయ ఆసుపత్రి అది. ఇంట్లో ఒకరికి జబ్బు బయటపడితే మిగతా వాళ్లకి ముంజేతి చర్మంలోకి సన్న సూదితో ఒక చుక్క మందు ఎక్కిస్తారు. మూడో రోజు వచ్చి చెయ్యి చూపించుకోవాలి. క్షయ క్రిమిని ఇదివరకే ఎరిగిన ఒళ్లయితే చుక్క వేసిన చోట గట్టిపడి పొంగుతుంది. ఎరుపు లెక్కలోకి రాదు, గట్టిదనాన్నే కొలవాలి. అమల కళ్లు మూసుకుని వేలితో తడిమి అంచు చెప్పేది. తర్వాత స్కేలు పెడితే ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చేది కాదు.

కన్యాస్త్రీ కాబోతున్న పిల్లకి గర్వం పాపమని తెలుసు. అయినా ఆ వేలంటే ఆమెకి గర్వమే.

ఆ రోజు మామా కోడలూ వచ్చారు. మామ కొడుకు, ఆ కోడలి మొగుడు మునిరత్నం రెండు వారాలుగా మగవాళ్ల వార్డులో మందులు మింగుతున్నాడు.

మామ చెంగల్రాయుడి చెయ్యి పదహారు మిల్లీమీటర్లు పొంగింది. నడుమ చిన్న బొబ్బ కూడా లేచింది. ఆయన బెంచీ మీద వెల్లకిలా పడి మూలుగుతుంటే, కోడలు రెడ్డెమ్మ పక్కన నిలబడి కొంగుతో విసురుతోంది. ఇరవై ఏళ్లుంటాయి. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"నా పనయిపాయ సిస్టరమ్మా! నా కొడుకు పక్కన నాకూ ఒక మంచమెయ్యండి."

"చెయ్యి పొంగినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు పెద్దాయనా. ఎక్స్‌రే తీశాక చూద్దాం," అంది అమల.

"ఇంత పొంగినాక ఇంగేం కావల్ల?"

అమల రెడ్డెమ్మ చెయ్యి అందుకుంది. వేలు నున్నగా జారిపోయింది. మళ్లీ తడిమింది. ఏమీ లేదు. రిజిస్టరులో సున్నా రాసింది.

"నీకేం లేదమ్మా. ఇంటికి పోవచ్చు."

"అది పోనీ," అన్నాడు చెంగల్రాయుడు పడుకునే. "పన్నెండు గంటల బస్సుకి పోవల్ల. పట్టుపురుగులు నాలుగో జొరం నించి లేసినాయి. దినానికి నాలుగు తూర్లు ఆకెయ్యకుంటే చచ్చిపోతాయి."

పొర విడిచే ముందు పురుగులు మేత మానేసి పడుకుంటాయి. ఆ వైపు దాన్నే జ్వరమంటారు. పురుగుల జ్వరాలు నాలుగూ వరసగా చెప్పగల ఆ ఇంట్లో, కోడలి ఒళ్లు వేడిగా ఉందేమోనని చూసిన చెయ్యి ఒక్కటీ లేదు.

అమల ముసలాయన బొబ్బ మీద తడిగుడ్డ వేస్తోంది. రెడ్డెమ్మ సంచి తీసుకుని గుమ్మం దాకా నడిచి, గోడ పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని చప్పుడు రాకుండా దగ్గింది.

ఇన్నాసమ్మ గుమ్మంలోనే ఉంది. రెడ్డెమ్మ మెడ కింద ఎముకల కేసి చూసింది.

"ఈ పిల్లకి ఎంత?"

"సున్నా సిస్టర్. రెండుసార్లు తడిమాను," అంది అమల.

"సరిగానే తడిమావు."

అంతే అని ఆమె వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పళ్లెం, పళ్లెంలో స్టీలు గ్లాసు. అప్పుడే పొయ్యి మీంచి దించిన రాగిజావ.

"తాగయ్యా," అంది చెంగల్రాయుడితో.

ఆయన చటుక్కున లేచి కూచుని గ్లాసు పట్టుకున్నాడు. "అబ్బబ్బా! చెయ్యి కాలిపాయ! మనిసికిచ్చేదేనా ఇది?" గ్లాసు పళ్లెంలో దడాలున పడేశాడు. జావ సగం ఒలికింది. మగవాళ్ల వార్డులోంచి ఇద్దరు తొంగి చూశారు.

ఇన్నాసమ్మ పళ్లెం రెడ్డెమ్మ వైపు తిప్పింది.

రెడ్డెమ్మ గ్లాసుని రెండు చేతులా అందుకుంది. తాగలేదు, దించలేదు. పట్టుకుని నిలబడింది. పొగలు వస్తూనే ఉన్నాయి. వేళ్ల చివర్లు ఎర్రబడుతున్నాయి. ఇప్పుడు దించుతుంది, ఇప్పుడు దించుతుంది అని చూసింది అమల. చివరికి తనే ఆగలేక లాక్కుంది. "అమ్మో!" అంటూ కిటికీలో పెట్టేసింది.

"నీకు కాల్లేదా?"

"కాలింది."

"మరి చెప్పవేం?"

రెడ్డెమ్మని ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"ముందర చెప్తాంటి గదమ్మా. ఇప్పుడు ఓపిక లేదు."

ఇన్నాసమ్మ ఆ పిల్లని కూర్చోబెట్టి, వేళ్లు చన్నీళ్ల బేసినులో పెట్టింది. "నన్ను క్షమించు తల్లీ," అంది. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"అమలా, గ్లాసు చల్లగా ఉందని రాస్తావా?"

అమల రిజిస్టరు కేసి చూసింది. తిండి లేక చిక్కిపోయిన ఒళ్లు, జబ్బు బాగా ముదిరిన ఒళ్లు, లోపల క్రిమి ఉన్నా ఒక్కోసారి పొంగదని ఆమె పాఠంలో చదివింది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

"ఇదేంది సిస్టరమ్మా, దాన్ని కూచోబెడితివి?" అన్నాడు చెంగల్రాయుడు. "పురుగులకి ఆకెవురేస్తారు?"

"నీ గొంతు వార్డు దాకా వినిపించిందయ్యా. అంత సత్తువ ఉన్నోడివి, ఎక్స్‌రే తీయించుకుని పోయి నువ్వే వెయ్యి."

అమల వచ్చి బేసిను పక్కన నేల మీద కూచుంది.

"దగ్గు ఎప్పట్నించి రెడ్డెమ్మా?"

రెడ్డెమ్మ తలెత్తి మామ కేసి చూసింది. అమల జరిగి, వాళ్లిద్దరి మధ్యకి వచ్చి కూచుంది.

అమల కదల్లేదు, తొందరపెట్టలేదు.

"రెండు నెలలాయె," అంది రెడ్డెమ్మ, నీళ్లలోని తన వేళ్లని చూస్తూ. "నెత్తురు గూడా పడతాది."