గెడ్డవతల ఇంటి ఎమ్మెల్యే

పిట్టలవలస పక్కనే ఒక గెడ్డ పారుతుంది. గెడ్డకి ఇవతల ఊరంతా ఉంటే, అవతల ఒకే ఒక్క ఇల్లుంది. ఆ ఇంట్లో నలుగురు మనుషులు, రెండు గేదెలు. గేదెల సంగతి చెప్పలేం గాని, మనుషులు నలుగురికీ తమ తెలివి మీద గట్టి నమ్మకం. అందరికన్నా ఎక్కువ నమ్మకం ఆ ఇంటి కోడలు పైడమ్మది.

"దేవుడు ఊరివాళ్ళకి చెవులిచ్చి ఊరుకున్నాడు. మనకి విన్నది విన్నట్టు చేసే బుర్ర కూడా ఇచ్చాడు" అనేది.

ఊరికే అనేది కాదు, సాక్ష్యాలు కూడా చూపించేది. ఒకనాడు మొగుడు అసిరినాయుడు సంతకి బయల్దేరితే "మబ్బేసింది, గొడుగు పట్టుకెళ్ళు మావా" అంది. పట్టుకెళ్ళాడు. సాయంత్రం తడిసి ముద్దయి వచ్చాడు. గొడుగు మీద మాత్రం చుక్క పడలేదు, చొక్కాలో దాచి తెచ్చాడు. "ఎలా పట్టుకెళ్ళానో అలాగే తెచ్చాను చూడు" అన్నాడు. పైడమ్మ మురిసిపోయింది. మరిది తవిటినాయుడిని "గేదెని వదలకురా" అంటే, అది గెడ్డలో పడుకున్నంతసేపూ తాడు పట్టుకుని తనూ పీకల్లోతు నీళ్ళలో కూర్చున్నాడు. అత్త నరసమ్మని పొయ్యి మీద పాలు చూస్తుండమంటే, అవి పొంగి, పొర్లి, పొయ్యి ఆరిపోయేదాకా కన్నార్పకుండా చూసింది. ఇంకే ఇంట్లోనైనా ఇంతగా చెప్పిన మాట వినే మనుషులుంటారా?

అలాంటి ఇంటికి ఒక కష్టం వచ్చిపడింది. గెడ్డ దాటడానికి తాతల నాటి తాటిదూలం ఒకటి ఉండేది. ఆ ఏడాది వానలకి కొట్టుకుపోయింది. అంతే. పైడమ్మ రోజూ పాలకేను నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో నడిచి ఊళ్ళోకి పాలు పొయ్యడానికి వెళ్ళాల్సి వచ్చింది. అడుగంతా నాచు. ఒకనాడు పైన ఎక్కడో వాన కురిసి గెడ్డ ఒక్కసారి పొంగితే, కేను వదిలేసి ఒడ్డు మీది తుప్ప పట్టుకుని బతికింది. ఇంట్లో చెప్పలేదు. కానీ ఆనాటి నుంచి నీళ్ళలో కాలు పెట్టేటప్పుడల్లా ఆమె గుండె దడదడలాడేది.

ఊళ్ళో టీకొట్టు బంగారయ్య ఆ తడిచీర చూసి జాలిపడ్డాడు. "ఇలా ఎన్నాళ్ళమ్మా? వంతెన వేయించుకోండి."

"ఎవరేస్తారు బాబాయ్?"

"వంతెనంటే ఎమ్మెల్యే చేతిలో పని. ఎమ్మెల్యే మన ఇంటి మనిషయితే చిటికెలో అయిపోతుంది. ఎన్నికలు కూడా దగ్గరకొచ్చాయి" అన్నాడు బంగారయ్య గ్లాసులు కడుగుతూ. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత విచారించాడో ముందు ముందు మీరే చూస్తారు.

పైడమ్మ ఇంటికొచ్చి అందర్నీ కూర్చోబెట్టింది.

"ఎమ్మెల్యే మన ఇంటి మనిషి కావాలట. మావా, నువ్వే ఉండు. నీకు మీసం ఉంది."

"ఉంటాను గాని, అమ్మని వదిలేసి నేను పదవిలో కూర్చుంటే బాగుంటుందా?" అన్నాడు అసిరినాయుడు.

"అత్తని ముఖ్యమంత్రిని చేద్దాం. పెద్దది కదా."

నరసమ్మ మొహమాటపడింది. "నాకెందుకే ఇప్పుడు. మోకాళ్ళ నొప్పులు. రోజూ రాజధాని దాకా వెళ్ళి రావాలంటే నా వల్ల కాదు."

"రోజూ ఎందుకత్తా? వారానికోసారి సంత ఆటోలో వెళ్ళి రాజ్యం చేసుకుని వచ్చెయ్యి."

"మరి నువ్వో?"

"నేను వంతెన మంత్రిని."

"నాకేటి వదినా?" అన్నాడు తవిటినాయుడు.

పైడమ్మ బాగా ఆలోచించింది. "మేం ముగ్గురం ఒక పక్షమయ్యాం. అవతల పక్షం లేకపోతే రాజ్యం నడవదు. నువ్వు ప్రతిపక్షం. మేం ఏదంటే అది వద్దని లేచి బయటికెళ్ళిపోవాలి. బంగారయ్య బాబాయ్ టీవీలో చూశాను."

ఇంకేముంది. "అన్నాలకి రండి" అని పిలిస్తే తవిటినాయుడు "ఖండిస్తున్నాను" అని గేదెల పాకలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నా అంతే. మధ్యాహ్నానికి ప్రతిపక్షం కళ్ళు లోపలికి పోయాయి. అసిరినాయుడికి తమ్ముడి మీద ప్రాణం. కాస్త ఆలోచించి, "తవిటీ, ఇవాళ నీకు అన్నం లేదు" అన్నాడు.

"ఖండిస్తున్నాను" అని తవిటినాయుడు పీట లాక్కుని కూర్చుని, గంజితో సహా కుండ ఖాళీ చేశాడు. ఆ రోజు నుంచి వాడికి అన్నం పెట్టాలంటే లేదని చెప్పాలి.

నామినేషన్‌కి ఊళ్ళో పదిమంది నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. పట్నంలో ఎన్నికల అధికారి ఓపికమంతుడు. అసిరినాయుడికి నిచ్చెన గుర్తు ఇచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చూడండి, ఓటర్లకి మీరేమీ ఇవ్వకూడదు. డబ్బు గాని, చీర గాని, ఆఖరికి గ్లాసుడు టీ గాని. ఇస్తే కేసవుతుంది. పోలింగు నాడు ఓట్లు వేసే బడికి వంద మీటర్ల లోపల మీ గుర్తు కనపడకూడదు. ఓటు మాట మీ నోట వినపడకూడదు. తెలిసిందా?"

"మా బుర్ర మీకు తెలీదు బాబూ. ఒకసారి వింటే చాలు" అంది పైడమ్మ.

మర్నాడు పొద్దున్నే కేనుతో గెడ్డ దాటి ఊళ్ళోకి వెళ్ళింది. వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చారు. పైడమ్మ మూత తీసి పాలు చూపించి మళ్ళీ మూత పెట్టేసింది.

"పొయ్యవేమే?"

"మీకు ఓటుందా?"

"ఉంది."

"ఓటర్లకి ఏమీ ఇవ్వకూడదు వదినా. కేసవుతుంది."

"ఊరికే ఇస్తావేటే? డబ్బులిస్తున్నాం కదా."

"మీరివ్వచ్చు. రూలు మాకే. ఓటు లేని పిల్లల్ని పంపండి, పోస్తాను."

పిల్లలు పరిగెత్తుకొచ్చారు. పోయించుకున్న పాలు దారిలోనే తాగేసి మూతులు తుడుచుకుని ఖాళీ గిన్నెలతో ఇళ్ళకి వెళ్ళారు. ఊళ్ళో ఆ పూట టీ లేదు, మజ్జిగ లేదు. బంగారయ్య కొట్లో నల్లటి డికాషన్ తాగి మగవాళ్ళందరూ గెడ్డవతలకి చూసి పళ్ళు నూరారు.

ఇంటికొచ్చేసరికి అసిరినాయుడు ఆకలి మీద ఉన్నాడు. "అంబలి పొయ్యవే."

"నీకు మాత్రం ఓటు లేదా మావా?"

"ఉంది."

"మరెలా పొయ్యను?"

అసిరినాయుడికి పెళ్ళాం తెలివి చూసి ముచ్చటేసింది. తనే ముంత పట్టుకుని పోసుకున్నాడు. పాపం నరసమ్మే, వంగలేదు, లేవలేదు. "ఒసే, ఆ ఓటేదో తీసేయించండే. ఓ ముద్ద పెట్టండే" అని అరుగు మీద కూర్చుని మొత్తుకుంది. ముఖ్యమంత్రి అవ్వాల్సిన మనిషి అలా మొత్తుకోవడం బాగాలేదని, పైడమ్మ పళ్ళెం తెచ్చి ఆవిడ చేతికందేలా అరుగు మీద పెట్టి, అటు తిరిగి నిలబడింది. "నేనివ్వలేదు. నువ్వే తీసుకున్నావు" అంది.

తర్వాత ప్రచారం. ఇంటింటికీ గుర్తు చూపించాలి కాబట్టి అసిరినాయుడు పెద్ద నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. పిట్టలవలస సందులు మనిషికీ మనిషికీ భుజాలు రాసుకునేంత ఇరుకు. గుమ్మంలో ఉన్న ముసలాయనకి దణ్ణం పెడదామని ఇటు తిరిగితే, వెనక కొస తగిలి ఎదురింటి నీళ్ళ కుండ పగిలింది. ఆ ఇంటావిడకి సర్దిచెబుదామని అటు తిరిగితే, ముందు కొస తగిలి ముసలాయన కళ్ళజోడు పోయింది. ఇద్దరికీ ఒకేసారి క్షమాపణ చెబుదామని గిర్రున తిరిగాడు. అంతే, ఆ వీధి ఓట్లన్నీ ఒక్క తిరుగుడుతో పోయాయి. వెనకే నడుస్తున్న తవిటినాయుడు "ఖండిస్తున్నాను" అన్నాడు. ఆ ఒక్కమాటకి మాత్రం వీధివాళ్ళు తలలూపారు.

ఆఖరికి ఊరంతటిలో మిగిలింది బంగారయ్య ఒక్కడే. "నా ఓటు మీకేనమ్మా. నోరుజారి మిమ్మల్ని దీంట్లోకి దింపింది నేనే కదా" అన్నాడు దిగులుగా. ఇంట్లో నాలుగు, బంగారయ్యది ఒకటి. పైడమ్మ కళ్ళముందు వంతెన లేచి నిలబడినట్టే అయింది. ఇంక ఒక్క రూలు కూడా తప్పకూడదనుకుంది.

పోలింగు రోజు తెల్లవారింది. బడి పక్కనే బంగారయ్య ఇల్లు. కొట్టు తెరిచేలోపల పాక కప్పు సర్దుదామని ఆయన పైకెక్కాడు. ఓటెయ్యడానికి వస్తున్న గెడ్డవతల వాళ్ళకి పాకకి ఆనించిన నిచ్చెన కనపడింది. బడికి వంద మీటర్ల లోపలే.

పైడమ్మ కంగారుగా సైగ చేసింది. అన్నదమ్ములిద్దరూ నిచ్చెన ఎత్తుకుని ఊరి చివరకి నడిచారు.

"ఒరేయ్ తవిటీ, ఎక్కడికిరా? నేను దిగాలి. దిగి మీకే ఓటెయ్యాలిరా" అని బంగారయ్య కప్పు మీంచి కేకేశాడు.

ఓటు మాట. అదీ బడి పక్కన. పైడమ్మ వేలు పెదాల మీద పెట్టి, ఊరుకోమని కళ్ళతోనే బతిమాలింది. ఆయన ఊరుకోలేదు. ఆ అరుపులకి బడి దగ్గరున్న కానిస్టేబులొచ్చి, "పోలింగు దగ్గర ప్రచారం చెయ్యకూడదు పెద్దాయనా, నోరు మూసుకుని కూర్చో" అని గదిమాడు. బంగారయ్య కూర్చున్నాడు. సాయంత్రం పోలింగు అయ్యాక గాని ఎవరూ ఆయన్ని దింపలేదు.

పైడమ్మ వరసలో నిలబడి, వేలికి సిరా వేయించుకుని, అట్ట చాటుకి వెళ్ళింది. ఓటింగు యంత్రం చూసింది. దాని మీద నిచ్చెన ఉంది. నిక్షేపంలా, అసిరినాయుడి పేరు పక్కనే, అందరికీ కనపడేలా. వంద మీటర్లు కాదు గదా, బడి లోపలే.

పిలిచి చెబుదామంటే నోరు మెదపకూడదు. ఇంకేముంది, ఎడంచెయ్యి చాచి నిచ్చెన కనపడకుండా అరచేత్తో గట్టిగా మూసేసింది. మూశాక మిగిలినవాటిలో దగ్గరగా బిందె గుర్తు కనపడింది. అది పోటీలో ఉన్న రొంగలి జగ్గునాయుడిది. కనపడిందాన్ని నొక్కి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. మాట్లాడకూడదు కాబట్టి, ఎడమ అరచేత్తో దేన్నో మూసినట్టు చూపించి, కుడిచేత్తో నెత్తిన బిందె పెట్టుకున్నట్టు ఇంట్లోవాళ్ళకి సైగ చేసింది. విన్నది విన్నట్టే కాదు, చూసింది చూసినట్టు చెయ్యడం కూడా వాళ్ళకి వచ్చు. ముగ్గురూ అలాగే చేశారు. తవిటినాయుడు కూడా దీన్ని ఖండించలేదు.

ఓట్లు లెక్కపెట్టారు. అసిరినాయుడికి సున్నా. జగ్గునాయుడు మూడే మూడు ఓట్ల తేడాతో గట్టెక్కాడు.

అసిరినాయుడు అరుగు మీద చతికిలబడ్డాడు. "అందరూ రూలు ప్రకారమే చేశాం కదే. ఎక్కడ పోయింది?" అన్నాడు.

"అదే నాకూ అర్థం కావట్లేదు మావా. ఒక్క తప్పు చేసుంటే, పోనీలే అనుకుందును" అంది పైడమ్మ. గెడ్డ వైపు చూసింది. మళ్ళీ ఆ నీళ్ళే, ఆ నాచే.

ఈలోగా గెడ్డవతల వాళ్ళు నలుగురూ తనకే వేశారని జగ్గునాయుడి చెవిన పడింది. లెక్క వేసుకున్నాడు. కాళ్ళు తడుపుకుని స్వయంగా గెడ్డ దాటి వచ్చాడు. "అమ్మా, మీ చలవ వల్ల గెలిచాను. ఏం కావాలో అడుగు" అన్నాడు.

"వంతెన బాబూ" అంది పైడమ్మ.

"ఓస్, అంతేనా. వచ్చే వారమే శంకుస్థాపన."

అన్నట్టే వచ్చాడు. టెంటు వేశారు, మేళం వాయించారు. పురోహితుడు మంత్రం చదివాడు. గెడ్డ ఒడ్డున గొయ్యి తీసి, జగ్గునాయుడి పేరు చెక్కిన రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి కప్పి, పసుపు రాసి, పాలు పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. టెంటు విప్పుకుని వెళ్ళిపోయారు.

గెడ్డవతల వాళ్ళు నలుగురూ రాయి చుట్టూ నిలబడ్డారు.

"వంతెనేదే?" అంది నరసమ్మ.

"కంగారేటత్తా? గొయ్యి తీశారు, నాటారు, మట్టి కప్పారు, తడిపారు. ఇంక పెంచుకోవడం మన పని" అంది పైడమ్మ.

అంతే. పొద్దునా సాయంత్రం రాయికి నీళ్ళు. గేదెల పెంటంతా తెచ్చి దాని మొదట్లో వేశారు. మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్ళకంప కట్టారు. కుండకి సున్నం బొట్లు పెట్టి దిష్టిబొమ్మ నిలబెట్టారు.

బంగారయ్య ఇవతలి ఒడ్డున నిలబడి చూసి చూసి, ఉండబట్టలేక అడిగాడు. "పైడమ్మా, రాయి ఎక్కడైనా మొలుస్తుందేటే?"

"సంతపేటలో ఆస్పత్రికి నాటిన రాయి చూళ్ళేదా బాబాయ్? ఎన్నేళ్ళయింది? ఒక్కరూ చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అలాగే ఎండిపోయింది. మన ఊరి రోడ్డు రాయీ అంతే. నాటితే సరా, సాకొద్దూ?"

బంగారయ్య ఆ రోడ్డు గతుకుల మీదుగానే తన టీకొట్టుకి తిరిగి వెళ్ళాడు.

రెండు వానలు పడ్డాయి. ఒక పొద్దున రాయి మొదట్లో పచ్చగా మొలక కనపడింది. పెంటలో ఏ ఆనపగింజో పడి ఉంటుంది. పైడమ్మ ఇంట్లోవాళ్ళని కేకేసింది. నలుగురూ మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. నరసమ్మ దణ్ణం పెట్టుకుంది. తవిటినాయుడు ప్రతిపక్షమన్న సంగతి మరిచి ఏడ్చేశాడు.

మొలక తీగయింది. తీగ నేల మీద అటూ ఇటూ పాకుతుంటే పైడమ్మకి భయమేసింది. వంతెన కాస్తా గేదెల పాక వైపు పోతే ఎలా? దానికి దారి చూపించాలి. అన్నదమ్ములిద్దరూ నాలుగు రోజులు చెమటోడ్చి పెద్ద తాటిచెట్లు రెండు కొట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దూలాలు వేశారు. మీద వెదురు తడికలు పరిచి తాళ్ళతో బిగించి, పక్కన చేతి ఎత్తున కర్రలు కూడా కట్టారు. తీగ కొస తీసి మెల్లగా దాని మీదకి ఎక్కించారు. ఎద్దుబండి నడిచినా కదలనంత గట్టి పందిరి.

మర్నాడు పొద్దున బంగారయ్య దాన్ని చూసి సంతోషం పట్టలేక అవతలికి వెళదామని కాలెత్తాడు.

"బాబాయ్, కాలు తియ్యి" అని కింద నుంచి వినపడింది.

వంగి చూశాడు. పందిరి కింద, నడుంలోతు నీళ్ళలో, నెత్తిన పాలకేనుతో, నాచు మీద ఒక్కో అడుగే తడుముకుంటూ పైడమ్మ గెడ్డ దాటుతోంది.

"తొక్కకు బాబాయ్, వంతెన ఇంకా లేతది. వచ్చే ఎన్నికల నాటికి ముదురుతుంది. అప్పుడు అందరం నడుద్దాం."