కూత లేదన్న కొండముచ్చు

నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. సామాన్ల చీటీ రాయడం తప్ప పెన్ను పట్టిన పని లేదు. టీవీలో బొమ్మల చానల్ ఆగిపోయిందని మా వీధి పిల్లలు నా దగ్గరకొచ్చి గోల పెడితే, నోటికొచ్చిన కథ ఒకటి చెప్పాను. "బాగుంది, రాసిపెట్టు పిన్నీ" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

చింతలకోన అని ఒక అడవి. అందులో దుప్పులు, అడవిపందులు, కుందేళ్లు, ఏదుపందులు ఉండేవి. అడవి నడుమ ఒక పెద్ద గట్టు. గట్టుకు ఇవతల మేత, అవతల వాగు. నీళ్లు తాగాలంటే గట్టు చుట్టూ తిరిగి అవతలికి పోవాల్సిందే.

ఆ వాగు ఒడ్డున పొదల్లో ఒక చిరుత మాటు వేసేది. దాన్ని అందరికంటే ముందు చూసేది తీతువు పిట్ట. ఇసుకలో గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తుంది కదా, చిరుత తోక కదిలినా గొంతు చించుకుని కూసేది. కానీ ఆ కూత గట్టు దాటి ఇవతలికి వినపడదు.

గట్టు మీద మద్దిచెట్టులో ఒక కొండముచ్చు ఉండేది. దానికి రెండు పక్కలా వినపడుతుంది. రోజూ సాయంత్రం జంతువులు గట్టు కింద చేరి, "మామా, కబురేంటి?" అని అడిగేవి. కొండముచ్చు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినేది. తీతువు కూస్తే, "కూసింది, ఆగండి" అనేది. కూయకపోతే, "తీతువు కూత లేదు, పదండి" అనేది.

ఇందుకు జంతువులు కొండముచ్చుకు మేడిపళ్లు తెచ్చి ఇచ్చేవి. పళ్లు అది తిని, పళ్లలోని పురుగులు తీతువుకు పెట్టేది. చాలాకాలం బాగానే జరిగింది.

ఒకరోజు తీతువు గట్టు మీదకు ఎగిరొచ్చింది.

"ఆ పళ్లు నా కూత కోసం తెచ్చినవి. ఇకనుంచి సగం పళ్లు నావి" అంది.

"నేను చెప్పకపోతే నీ కూత ఎవరు వింటారు, కప్పలా? నీ కూత మోస్తున్నందుకు నువ్వే నాకు ఎదురివ్వాలి" అంది కొండముచ్చు.

"అయితే నా కూత మోయకు!"

"మోయను పో!"

ఈ సంగతి జంతువులకు తెలిస్తే పళ్లు రావు. అందుకని కొండముచ్చు ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం జంతువులు వచ్చి కబురు అడిగాయి. "తీతువు కూత లేదు" అంది కొండముచ్చు. అని ఊరుకోకుండా గోరువంకలాగా ఈల వేసింది. "ఇవాళ్టినుంచి మీకు పాటలు కూడా" అంది. కుందేళ్లు సంబరపడి గెంతాయి. అన్నీ వాగు దారి పట్టాయి.

ఒక్క దుప్పి మాత్రం కదల్లేదు. దాని పిల్ల కాలికి ముల్లు దిగి కుంటుతోంది. చిరుత వస్తే ఆ పిల్ల పరుగెత్తలేదు. అందుకే దుప్పికి ఆకు రాలినా అనుమానమే. మిగతావి దాన్ని అనుమానాల పుట్ట అని ఏడిపించేవి.

"మామా, ఇవాళ చెవి దగ్గర చెయ్యి పెట్టలేదేం?" అంది దుప్పి.

"చెయ్యి నొప్పి."

"పదండి అనలేదేం?"

"రోజూ అనాలా? ఆ మాత్రం తెలీదా మీకు?"

"అడగని పాట ఎందుకు పాడావు?"

కొండముచ్చు మేడిపండు నోట్లో కుక్కుకుంది.

"సరే, ఈ ఒక్కటీ చెప్పు. తీతువు కూయలేదా? కూసినా నువ్వు చెప్పట్లేదా?"

కొండముచ్చు అటు తిరిగి వీపు గోక్కుంది.

అడవిపంది పకపకా నవ్వింది. "ఏం వదినా, నీ నీడ కనపడ్డా పేరు అడిగేట్టున్నావే! మామ లేదన్నాడంటే లేదు. ఉన్నా భయమా? నా కోరలు చూస్తే చిరుతే దారి ఇస్తుంది."

"పేరు చెప్పని నీడ వెంట నేను రాను మరిదీ. నువ్వూ పోకు" అంది దుప్పి.

ఆ మాటకు కుందేళ్లు ఆగాయి, ఏదుపందులు ఆగాయి. అడవిపంది తోక ఊపుకుంటూ పోయింది.

కాసేపటికి అవతల నుంచి పెద్ద అరుపు. అడవిపంది పడుతూ లేస్తూ వచ్చింది. దానికి ఎడమ చెవి లేదు.

"మామా! కూత లేదన్నావుగా!" అని ఏడ్చింది.

"లేదనే అన్నాను. పదండి అన్నానా?" అంది కొండముచ్చు.

ఆ పూట ఎవరూ నీళ్లు తాగలేదు. దుప్పిపిల్ల తల్లి ముక్కు నాకుతూ పడుకుంది.

తెల్లారగానే దుప్పి రాళ్ల మీద జారుతూ గట్టు ఎక్కి, అటు దిగి తీతువు దగ్గరకు వెళ్లింది.

"నిన్న సాయంత్రం కూశావా?"

"మూడుసార్లు కూశాను. గొంతు బొంగురు పోయింది చూడు" అంది తీతువు.

"మాకు వినపడదని తెలుసుగా. ఒక్కసారి గట్టు దాటి వస్తే పందికి చెవి మిగిలేది."

"నేనెందుకు వస్తాను? తప్పంతా ఆ కొండముచ్చుది. మీరంతా వెళ్లి వాణ్ణి నిలదీయండి. సగం పళ్లు నాకు ఇప్పించండి."

దుప్పికి ఇప్పుడు దీని మీదా అనుమానం వచ్చింది. "ఇవ్వకపోతే కూయడం మానేస్తావా?" అని అడిగింది.

తీతువు తన గుడ్ల వైపు చూసుకుంది. ఆ చూపు దుప్పి చూసింది. చిరుత వస్తే అది తన గుడ్ల కోసమైనా కూయక మానదు. పళ్లు ఇచ్చినా కూస్తుంది, ఇవ్వకపోయినా కూస్తుంది.

దుప్పి వచ్చి అందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. "వాళ్లిద్దరి తగువుకు మన ప్రాణాలు దొరికాయి. గట్టు ఎక్కడానికి బద్ధకించి మన చెవులు మనమే మామకు అప్పజెప్పాం. ఇకనుంచి రోజుకొకరం ఎక్కి మనమే విందాం" అంది.

మొదటి రోజు దుప్పే ఎక్కింది. తీతువు కూయలేదని తన చెవులతో విని, "పదండి" అని కేక పెట్టింది. పిల్ల కుంటుకుంటూ వెళ్లి కడుపునిండా నీళ్లు తాగింది. తర్వాత అడవిపంది వంతు వచ్చింది. అది ఒక్క చెవితోనే అందరికంటే శ్రద్ధగా వింది.

మేడిపళ్లు రావడం ఆగిపోయింది. కొండముచ్చు ఎన్ని పాటలు పాడినా ఎవరూ తలెత్తలేదు. పళ్లు లేవు కాబట్టి తీతువుకు పురుగులూ లేవు. సగం అడిగి ఉన్నది పోగొట్టుకుంది.

కథ అయ్యాక పిల్లలు, "మరి నీతి ఏంటి పిన్నీ?" అన్నారు. నాకు అప్పటికి తోచలేదు. రేపు చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున్నే కేబుల్ ఆఫీసుకు వెళ్లాను. అలాంటి చోటికి ఒక్కదాన్నే పోయి నోరు విప్పడం నాకు అలవాటు లేదు. కుర్చీలో అతను తలెత్తకుండా, "ఆ చానల్ రావట్లేదమ్మా. ఇంకో చానల్ ఇచ్చాం, అందులో పాటలొస్తాయి" అన్నాడు.

"రావట్లేదా బాబూ, మీరు రానివ్వట్లేదా?" అని అడిగాను.

అతను అటు తిరిగాడు. వీపు ఒక్కటే గోక్కోలేదు. నేను ఇంటికొచ్చి కాగితం తీసుకుని, ముందుగా ఈ కింది ముక్క రాసుకున్నాను.

నీతి: ఎవరైనా "లేదు" అంటే నమ్మి కదలకూడదు. లేకపోయిందా, లేకుండా చేశారా అని అడగాలి.