సన్యాసిరావు దించిన బరువు

కొండల కింద గుమ్మడిగండి ధర్మాసుపత్రిలో కంప్యూటర్లు చూసే సన్యాసిరావు పనిలో దిట్టే గానీ, ఎవరేం అడిగినా కాదనడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు. "సరే" అన్న మాట అతని నోట్లోనే కాపురం ఉండేది. అడిగినవాళ్ల మాట పూర్తి కాకముందే అది బయటికి వచ్చేసేది. అందుకని ఊరంతా అతన్ని మంచివాడనేవారు. అలా అనిపించుకోవడం అతనికి మహా ఇష్టం.

ఆసుపత్రి గోడల మీద, పైకప్పు దగ్గర, తెల్లటి వైఫై డబ్బాలు ఉండేవి. అవి చాలా పాతవి. వార్డుల్లో యంత్రాలకీ, మనుషుల ఫోన్లకీ గాలిలో దారి వేసేవి అవే. ప్రతి డబ్బా లోపలా దాన్ని నడిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. పాత డబ్బా బుర్ర చిన్నది, అందులో పట్టినంతే పడుతుంది. ఆ సంగతి సన్యాసిరావుకి తెలుసు. తెలిసీ ఏం చేశాడో చూడండి.

క్యాంటీన్ సుబుద్ధి వచ్చి, "వైఫై కలపగానే నా పెసరట్టు ఉప్మా ఫోన్లో కనబడాలి సన్యాసిరావుగారూ" అన్నాడు. సరే అన్నాడు. మందుల షాపాయన తన ప్రకటన పెట్టమన్నాడు. సరే అన్నాడు. ఆఫీసువాళ్లు, ఎవరెవరు ఎంతసేపు ఫోను చూస్తున్నారో తెలియాలన్నారు. దానికీ సరే. డబ్బాల కంపెనీ పంపిన ప్రతి కొత్త హంగునీ కూడా కాదనకుండా ఎక్కించాడు. ఆసుపత్రి చైర్మన్ అప్పలస్వామినాయుడుగారికైతే ఊళ్లో ఫ్లెక్సీలు కట్టే చోటు చాలలేదు. "ఎవరు వైఫై కలిపినా ముందు నా నమస్కారం కనబడాలయ్యా" అన్నారు. ఇంకేముంది, నాయుడుగారు చేతులు జోడించి చిరునవ్వుతో డబ్బాల్లోకి ఎక్కి కూర్చున్నారు.

మోయలేని బరువు మోపితే ఎవరైనా చతికిలబడతారు. డబ్బాలూ అంతే. ఉన్నట్టుండి ఆగిపోయేవి, కాసేపటికి వాటంతట అవే లేచేవి. "ముసలివైపోయాయి, పారేసి కొత్తవి తెప్పించాలి" అని అందరూ అన్నారు. కొత్తవి బయలుదేరాయి కూడా. ఈలోగా వానలకి ఘాట్‌రోడ్డు తెగిపోయి లారీ అవతలే ఉండిపోయింది.

తప్పు డబ్బాల వయసుది కాదని సన్యాసిరావుకి తెలుసు. అతని బల్ల మీద అలాంటిదే ఇంకో పాత డబ్బా ఉండేది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి అందరికీ ఉచితంగా ఇస్తున్న సన్నటి ఫర్మ్‌వేర్ ఒకటి అందులో వేసి చూశాడు. దానిలో మనకి కావలసింది ఏరి ఉంచుకుని, అక్కర్లేనిది తీసేయవచ్చు. ఆ డబ్బా కుర్రదానిలా లేచి కూర్చుంది. రోజుల తరబడి ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ దాన్ని గోడ మీది డబ్బాల్లో వెయ్యాలంటే పెసరట్టు తీసెయ్యాలి, ప్రకటన తీసెయ్యాలి, నాయుడుగారి నమస్కారం తీసెయ్యాలి. ఆ మాట వాళ్ల మొహం మీద ఎలా చెప్పడం? "చూద్దాంలే" అనుకుని సన్యాసిరావు ఆ సంగతి పక్కన పెట్టేశాడు.

పసికందుల వార్డులో పైడమ్మ మనవరాలు ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఇంకా పేరు కూడా పెట్టలేదు. తల్లి వేరే వార్డులో లేవలేని స్థితిలో ఉంటే, అమ్మమ్మ పైడమ్మే తొట్టె పక్కన కాపలా కూర్చునేది. అంత చిన్నపిల్లలు ఒక్కోసారి ఊపిరి తియ్యడం మరిచిపోతారు. అప్పుడు అరికాలు తట్టి గుర్తు చెయ్యాలి. అందుకే పిల్ల గుండెల మీద తీగలు అంటించి ఒక యంత్రానికి కలిపారు. తొట్టె దగ్గర కూత పెడితే పిల్లలు ఉలిక్కిపడతారని అక్కడ శబ్దం తగ్గించి, గంట వరండాలో సిస్టర్ బల్ల మీద మోగేలా అమర్చారు. యంత్రం నుంచి బల్ల దాకా కబురు మోసేది గోడ మీది డబ్బాయే.

వార్డు నర్సు ఎస్తేరు సిస్టర్ ఒకరోజు సన్యాసిరావుని ఆపింది.

"నా వార్డు డబ్బా మధ్యమధ్యలో పడుకుంటోందండీ. అది పడుకుంటే గంట మోగదు. నాకు భయంగా ఉంది."

"సరే సిస్టర్, చూస్తాను" అన్నాడు సన్యాసిరావు.

ఆ రోజే నాయుడుగారు పిలిచారు. "రేపు నా పుట్టినరోజు. హాల్లో ఫంక్షన్. వచ్చినవాళ్లు వైఫై కలపగానే నా ఫొటోలు వరసగా రావాలి, వెనక పాట కూడా రావాలి."

"సరే సార్."

"మైకుకి కరెంటుతో ఇబ్బంది లేకుండా ఒక బ్యాటరీ ఏర్పాటు చెయ్యి."

"సరే సార్" అన్నాడు మళ్లీ. ఆసుపత్రిలో విడిగా ఉన్న బ్యాటరీ ఒక్కటే. అది పసికందుల వార్డు డబ్బాకి పెట్టినది. మర్నాడు పొద్దున్నే దాన్ని విప్పి తీసుకెళ్లి మైకుకి పెట్టాడు. కాసేపట్లో తెచ్చి పెట్టేద్దాంలే అనుకున్నాడు.

ఫంక్షన్ మొదలైంది. బయట వాన దంచుతోంది. హాలు వార్డుకి గోడ పక్కనే ఉంది, రెంటికీ ఒకటే డబ్బా. జనం ఫోన్లు తీశారు. నాయుడుగారి ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, పాట మొదలైంది, చప్పట్లు కొట్టారు. గోడ మీద డబ్బా దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఆ సమయంలోనే పైడమ్మ కేక వినబడింది.

"సిస్టరమ్మా! పిల్ల నీలంగా అయిపోతంది! ఊపిరి తియ్యట్లేదు తల్లీ, రా తల్లీ!"

ఎస్తేరు పరిగెత్తింది. కేక విని సన్యాసిరావూ పరిగెత్తాడు. పిల్ల పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఎస్తేరు అరికాలు తట్టింది. చలనం లేదు. ఇంకాస్త గట్టిగా తట్టింది, వీపు రాసింది. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు పిల్ల చిన్నగా ముడుచుకుని, పిల్లికూనలా కీచుమంది. పెదాలకి మెల్లగా రంగు తిరిగింది.

ఎస్తేరు ఆయాసపడుతూ వెనక్కి తిరిగింది. వరండాలో ఆమె బల్ల మీద తెర ఖాళీగా ఉంది. గంట మోగనే లేదు.

"ఈవిడ నిద్రపోయి ఉంటే?" అంది ఎస్తేరు.

ఈలోగా ఎదురుగా కాన్పుల గదిలోంచి డాక్టరమ్మ, "సిస్టర్, తొందరగా రండి!" అని పిలిచింది. అక్కడ ఒక కాన్పు కష్టమవుతోంది. ఉన్నది ఒక్క నర్సే. తొట్టె దగ్గర శబ్దం పెంచినా అద్దాల తలుపునీ, మైకు హోరునీ దాటి ఆ గదిలోకి వినబడదు. బల్ల మీది గంటైతే ఆ గది గుమ్మం పక్కనే ఉంటుంది.

"డబ్బా బాగుచెయ్యండి" అంది ఎస్తేరు.

"ఫంక్షన్ అయిపోగానే..." అని నీళ్లు నమిలాడు సన్యాసిరావు.

ఎస్తేరు అతన్ని తిట్టలేదు. అతని చెయ్యి పట్టుకుని వేలు తీసి పిల్ల అరికాలి మీద పెట్టింది. "అయితే అంతవరకూ మీరే చూస్తూ ఉండండి. రొమ్ము కదలకపోతే తట్టండి" అని కాన్పుల గదిలోకి వెళ్లిపోయింది.

సన్యాసిరావు చూస్తూ నిలబడ్డాడు. పిల్ల పాదం అతని బొటనవేలంత ఉంది. రొమ్ము లేచింది, పడింది. లేచింది, పడింది. పడ్డాక మళ్లీ లేచేలోపు అతనికి చెమటలు పోశాయి. ఇన్నాళ్లూ తను ఎవరెవరికి సరే అన్నాడో వాళ్లందరి మొహాలూ గుర్తొచ్చాయి. అందరికీ ఇచ్చినదంతా ఈ పిల్ల దగ్గర్నుంచి తీసి ఇచ్చానే అని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో కుంగిపోయాడు.

పైడమ్మ చెయ్యి పట్టుకుని ఆమె వేలు పిల్ల పాదం మీద పెట్టి, "నువ్వు చూడమ్మా" అని చెప్పి, పరుగున వెళ్లి తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. తీగ డబ్బాకి తగిలించబోతుంటే గుమ్మంలో నాయుడుగారు నిలబడి ఉన్నారు, మెడలో దండతో.

"ఏమయ్యా, పాట ఆగిపోయింది! చుట్టాల ముందు పరువు పోతోంది. ఆ డబ్బా లేపు."

"లేపను సార్. దీనిలో ఉన్నదంతా తీసేస్తున్నాను."

"ఫంక్షన్ అయ్యాక తీసుకోవయ్యా."

"కాదండి" అన్నాడు సన్యాసిరావు.

ఆ మాట అన్నది తనేనా అని అతనికే అనుమానం వచ్చింది. నాయుడుగారు ఎర్రగా చూశారు. "రేపు నీ కుర్చీ ఉంటుందో లేదో చూసుకో" అని విసురుగా వెళ్లిపోయారు. మరుక్షణం మైకులో ఆయన గొంతు మళ్లీ మొదలైంది.

సన్యాసిరావు ఆ సన్నటి ఫర్మ్‌వేర్ ఎక్కించబోయాడు. అంతలో వార్డులో దీపాలు మిణుకుమన్నాయి. ఎక్కుతుండగా కరెంటు పోతే డబ్బా ఇక లేవదు. జనరేటర్ అందుకునే ఆ కాస్త సమయం చాలు, దాని పని అయిపోవడానికి. దానికి ఆసరాగా ఉండాల్సిన బ్యాటరీ తన చేతులతోనే తీసుకెళ్లి మైకుకి ఇచ్చాడు!

అతను హాల్లోకి పరిగెత్తాడు. వేదిక మీద నాయుడుగారు, "పేదవాళ్ల ప్రాణాలే నాకు..." అంటున్నారు. సన్యాసిరావు వంగి బ్యాటరీ తీగ పీకేశాడు. మైకు మూగబోయింది. హాలంతా తలలు తిప్పి చూసింది.

"ఎవడ్రా అది?" అన్నారు నాయుడుగారు మైకు లేకుండానే.

"నేనేనండి. దీనితో అక్కడ పని ఉంది" అని బ్యాటరీ చంకన పెట్టుకుని అందరి మధ్యలోంచి నడిచి వచ్చేశాడు.

డబ్బాకి బ్యాటరీ తగిలించి, ఫర్మ్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టాడు. నాలుగో వంతు ఎక్కింది. సగం ఎక్కింది. కరెంటు పోయింది. చీకట్లో పైడమ్మ, "ఓరి దేవుడో" అంది. డబ్బా ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. సన్యాసిరావు ఊపిరి బిగబట్టి దాన్నే చూశాడు. దూరంగా జనరేటర్ మోగింది, దీపాలొచ్చాయి. ఎర్రదీపం ఆరింది. ఇంకా లేవదే! ఎంతకీ లేవదే! అప్పుడు పచ్చదీపం వెలిగింది. బల్ల మీది తెర మీద పిల్ల ఊపిరి గీత అలలా కదిలింది.

అతనికి ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆ గీత కాస్త కదిలి, సాపుగా అయిపోయింది.

బల్ల మీద గంట గణగణ మోగింది. కాన్పుల గది తలుపు ధడాలున తెరుచుకుంది. ఎస్తేరు రివ్వున వచ్చి అరికాలు తట్టింది. ఈసారి పెదాల రంగు మారకముందే పిల్ల ఊపిరి తీసింది. పైడమ్మ నేల మీద కూలబడి, "బతికించారు తల్లీ, బతికించారు" అంటూ ఏడ్చింది.

బ్యాటరీ కోసం వెంటపడి వచ్చిన నాయుడుగారు గుమ్మంలో అదంతా చూస్తూ నిలబడిపోయారు.

"నా ఫొటోలు తీసేశావా?"

"తీసేశాను సార్."

"పాట?"

"పాట కూడానండి."

నాయుడుగారు మెడలో దండ తీసి చేత్తో పట్టుకున్నారు. "సరేలే. నా గొంతు పెద్దదే, మైకు లేకపోయినా వినబడుతుంది" అని నెమ్మదిగా వెళ్లారు. మర్నాడు సన్యాసిరావు కుర్చీ దాని చోటులోనే ఉంది.

ఆ తరవాత డబ్బాలన్నిటికీ సన్యాసిరావు సన్నటి ఫర్మ్‌వేరే వేశాడు. సుబుద్ధి కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు, తరవాత పెసరట్టు బోర్డు తలుపు మీదే రాసుకున్నాడు. ఘాట్‌రోడ్డు బాగై లారీ వచ్చేసరికి కొత్త డబ్బాల అవసరమే లేకపోయింది. పారేయాలన్న ముసలి డబ్బాలు కిక్కురుమనకుండా పనిచేస్తున్నాయి. లారీలో వచ్చిన కొత్తవాటిని ఇంకో ఊరి ఆసుపత్రికి పంపించేశారు.

ఏడాది దాటాక పైడమ్మ మనవరాలిని టీకాకి తీసుకొచ్చింది. పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. పైడమ్మ సన్యాసిరావుని చూసి, "బాబూ, ఈ డబ్బాలో నా మనవరాలి ఫొటో పెడుదూ, వచ్చినోళ్లందరూ చూస్తారు" అంది.

"కాదమ్మా" అన్నాడు సన్యాసిరావు నవ్వుతూ. పైడమ్మ కూడా నవ్వేసింది. పిల్ల పచ్చదీపం వంక వేలు చూపించింది.

అడిగినవాళ్లందరికీ సరే అనేవాడు చివరికి అసలు అవసరమైనవాళ్లకి అందకుండా పోతాడు. యంత్రానికైనా మనిషికైనా, అక్కర్లేనిదాన్ని కాదన్నప్పుడే అక్కరైనది నిలుస్తుంది.