కొండముచ్చు కేక

ఇప్పచెట్ల లోయలో దుప్పులకూ కొండముచ్చులకూ తాతలనాటి పొత్తు. కొండముచ్చులు కొమ్మల మీద తింటూ సగం పూలు కిందికి రాలుస్తాయి, దుప్పులు ఏరుకు తింటాయి. చిరుత కనబడితే కొండముచ్చుల పెద్ద ఈరన్న పైనుంచి కేకేస్తాడు, దుప్పులు పరుగందుకుంటాయి. చుక్కమ్మ అనే దుప్పి ఆ కేక వల్లే ఇన్నేళ్లు బతికింది. ఈ వేసవిలో లేకలేక ఒక కూనను కన్నది.

చిరుత వదిలేసిన ఎముకల మీద బతికే నక్కకు ఈ పొత్తు కంట్లో నలుసు. ఒకనాడు చిలకల గుంపు దగ్గర చతికిలబడి నిట్టూర్చింది.

"ఈరన్న అరిచిన ప్రతిసారీ చిరుత వస్తోంది. ఎందుకంటారు? నేనేమీ అనడం లేదర్రా, అడుగుతున్నానంతే."

చిలకలకు అది చాలు. సాయంత్రానికల్లా ప్రతి చెట్టు మీదా ఒకటే పాట: "కొండముచ్చే చిరుతను పిలుస్తోంది!"

"విన్నావా వదినా?" అన్నాడు మగదుప్పి కొమ్ములరాయుడు చుక్కమ్మతో.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు మరిదీ. ఈరన్న లేకపోతే మనం ఉండేవాళ్లమా?"

"ఇన్ని చెట్ల మీంచి వినబడుతుంటే అబద్ధమెలా అవుతుంది? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"చెట్లు వేరైనా చిలకలు అవే కదయ్యా!"

ఎవరు వింటారు? మర్నాడు నీళ్లకు దిగిన ఈరన్నను దుప్పులు కుమ్మి తరిమాయి. అతను కుంటుకుంటూ చెట్టెక్కి, "నువ్వూ నమ్ముతున్నావా చెల్లెమ్మా?" అని అడిగాడు.

"లేదన్నా" అంది చుక్కమ్మ. నమ్మడం లేదనే అనుకుంది. కానీ పొద్దస్తమానం చెవిలో పడే మాట ఊరికే పోతుందా?

ఓ మిట్టమధ్యాహ్నం ఈరన్న కేకేశాడు. అన్ని దెబ్బలు తిన్నా అలవాటు మానలేదు, పిచ్చివాడు! దుప్పులు పరుగెత్తలేదు. చెట్టుకింద చేరి అతన్ని తిట్టడం మొదలుపెట్టాయి. చుక్కమ్మ కాళ్లు మాత్రం లేవబోయాయి. 'ఒకవేళ నిజంగానే పిలుస్తున్నాడేమో' అనిపించి, తలెత్తి అతని మొహంకేసి చూసింది. ఆ ఒక్క చూపే కొంప ముంచింది. తల దించేసరికి కూన చిరుత నోట్లో ఉంది.

"చూశారా? అరిచాడు, వచ్చింది!" అన్నాయి చిలకలు.

"వదిన బిడ్డే సాక్ష్యం! ఇంకా కాదనేవాళ్లున్నారా?" అన్నాడు రాయుడు.

"మనల్ని కాపాడ్డానికే అరిచాడురా! నేనే ఆగాను, నేనే చంపుకున్నాను!" అని చుక్కమ్మ గుండెలు బాదుకుంది.

"పాపం, కడుపుకోతతో మతి చలించింది" అని దుప్పులు జాలిపడ్డాయి.

ఆ పూటే కొండముచ్చులు లోయ విడిచి వెళ్లిపోయాయి. పొద కింద నక్క తీరిగ్గా కూన ఎముక కొరుక్కుంటోంది.

నీతి: అబద్ధానికి బలైనవాణ్ణి కూడా ఆ అబద్ధానికే సాక్షిగా నిలబెడతారు.